కొలిచే వలయం వేరు, తుడిచే వలయం వేరు: ఫ్రేములోంచి నక్షత్రాలు తీసేటప్పుడు అపర్చర్ ఎంత పెట్టాలి?

గెలాక్సీ వెలుగునో, తోకచుక్క తలనో కొలుద్దామని కూర్చుంటే ముందుగా అడ్డొచ్చేవి మన పాలపుంత నక్షత్రాలే. గెలాక్సీ ఎక్కడో దూరాన ఉంటుంది. ఇవి మధ్యలో నిలబడి దాని ఒంటి మీదే ఉన్నట్టు కనిపిస్తాయి. కొలిచే ముందు వీటిని తీసేయాలి. ఆ పనికి ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా మొదట అడిగేది అపర్చర్ (నక్షత్రం చుట్టూ గీసే వలయం) వ్యాసార్థం ఎన్ని పిక్సెళ్లని. అక్కడ చాలామంది ఫొటోమెట్రీలో, అంటే వెలుగు కొలిచే పనిలో, చేయి అలవాటైన అంకెనే వేసేస్తారు. నేనూ చాలాకాలం అదే వేశాను.

పొరపాటు అక్కడే జరుగుతుంది. నక్షత్రాన్ని కొలవడానికి సరిపోయే వలయం దాన్ని తుడవడానికి సరిపోదు. కొలిచేటప్పుడు వలయం బయట 10 శాతం వెలుగు మిగిలిపోయినా బాధ లేదు. పోల్చడానికి తీసుకున్న నక్షత్రానికీ అదే వలయం వేస్తాం కాబట్టి దానికీ అదే 10 శాతం పోతుంది. రెండిటి తేడా తీసేసరికి నష్టానికి నష్టం చెల్లు. తుడిచేటప్పుడు ఈ చెల్లు ఉండదు. బయట మిగిలిన 10 శాతం ఫ్రేములోనే కూర్చుని, మీరు కొలవబోయే గెలాక్సీ ఖాతాలో జమ అవుతుంది. ఇక్కడ పోల్చిన పద్ధతులన్నిటినీ నేను ఈ ఒక్క ప్రశ్నతోనే తూచాను: తీసేశాక ఎంత మిగిలింది, అది ఎక్కడ పడింది?

ఒక నక్షత్రాన్ని దగ్గరగా చూస్తే

లెక్క కోసం ఒక మామూలు ఫ్రేము అనుకుందాం. నక్షత్రాల ఎఫ్‌డబ్ల్యూహెచ్‌ఎం, అంటే శిఖరంలో సగం ఎత్తు దగ్గర వెడల్పు, 4 పిక్సెళ్లు. ఆకాశపు నాయిస్ పిక్సెల్‌కి 12 కౌంట్లు (కెమెరా వెలుగును లెక్కించే అంకెలు). మనకు కావలసిన గెలాక్సీ అంచు ఆకాశం మీద 10 కౌంట్లే ఉంది. ఆ అంచు మీద ఒక నక్షత్రం, దాని శిఖరం 10,000 కౌంట్లు.

నక్షత్రం ఆకారం గౌసియన్ (గంట ఆకారపు వంపు) అనుకుంటే పని చాలా తేలిక. ఎఫ్‌డబ్ల్యూహెచ్‌ఎం అంత వ్యాసార్థంతో వలయం వేస్తే 93.75 శాతం వెలుగు లోపలికి వచ్చేస్తుంది. ఒకటిన్నర రెట్లు వేస్తే 99.8 శాతం. రెండు రెట్లు వేస్తే బయట మిగిలేది లక్షలో రెండు వంతులు కూడా ఉండదు. ఈ లెక్క చూసుకునే చాలామంది ఒకటిన్నర రెట్ల దగ్గర ఆగిపోతారు.

కానీ నిజం నక్షత్రానికి రెక్కలుంటాయి, అంటే అంచుల నుంచి దూరం దాకా సాగే మసక వెలుగు. వాతావరణం, అద్దాల మీది ధూళి, టెలిస్కోపు లోపల చెదిరే వెలుగు కలిసి వాటిని సాగదీస్తాయి. 1969లో మోఫాట్ ఇచ్చిన ఆకారం ఈ రెక్కలను గౌసియన్ కంటే బాగా పట్టుకుంటుంది. అందులో బీటా అనే అంకె ఎంత చిన్నదైతే రెక్కలు అంత పొడవు. బీటా 2.5 అనుకుంటే ఎఫ్‌డబ్ల్యూహెచ్‌ఎం అంత వ్యాసార్థం బయట 29 శాతం వెలుగు మిగిలిపోతుంది. రెండు రెట్ల దగ్గర కూడా 6.6 శాతం ఉంటుంది. ఒక శాతానికి దిగాలంటే నాలుగు రెట్లు పోవాలి.

ఇప్పుడు మన నక్షత్రం మీద ఒకటిన్నర రెట్ల వలయం, అంటే 6 పిక్సెళ్ల వ్యాసార్థం వేసి లోపలంతా తుడిచేశాం. వలయం గీతకు ఆనుకుని బయట ఇంకా దాదాపు 340 కౌంట్లు మిగిలాయి. గెలాక్సీ 10 కౌంట్లే ఉన్న చోట ఇది 34 రెట్లు! మొత్తంగా మిగిలింది సుమారు 34,000 కౌంట్లు. అదే గెలాక్సీ అంచు ఇంత వెలుగు పోగెయ్యాలంటే 3,400 పిక్సెళ్లు కావాలి. ఒక్క నక్షత్రాన్ని "తీసేశాం" అనుకుని, లేని గెలాక్సీని అంత మేర కలిపేశామన్నమాట.

వలయాన్ని 12 పిక్సెళ్లకు పెంచితే అంచు దగ్గర మిగిలేది 18 కౌంట్లు. ఇంకా గెలాక్సీ కంటే ఎక్కువే. ఒక్క కౌంటుకు దిగాలంటే 22 పిక్సెళ్ల దాకా వెళ్లాలి. అంటే ఎఫ్‌డబ్ల్యూహెచ్‌ఎం‌కి అయిదున్నర రెట్లు. కొలవడానికి 6, తుడవడానికి 22. వైశాల్యంలో చూస్తే దాదాపు 13 రెట్ల తేడా.

స్క్రీన్ మీద చూసి వ్యాసార్థం పెట్టేవాళ్లు దెబ్బతినేది కూడా ఇక్కడే. 18 కౌంట్ల రెక్క 12 కౌంట్ల నాయిస్‌లో కలిసిపోయి కంటికి ఆనదు. "శుభ్రంగా పోయింది" అనిపిస్తుంది. కానీ కంటికి ఆననిది కూడికకు ఆనుతుంది. వెయ్యి పిక్సెళ్ల సగటు తీస్తే అదే నాయిస్ 0.4 కౌంటుకు పడిపోతుంది, రెక్క మాత్రం పడిపోదు. అందుకే హద్దును పిక్సెల్ నాయిస్‌తో పెట్టకండి. కొలవబోయే వస్తువు వెలుగులో పదో వంతు దగ్గర పెట్టండి. నేను ఇప్పుడు అదే చేస్తున్నాను.

అన్నిటికీ ఒకే వలయమా, వెలుగును బట్టి వలయమా?

అన్ని నక్షత్రాలకూ ఒకే వ్యాసార్థం పెట్టడం సులువు, తర్వాత ఎవరికైనా చెప్పడమూ సులువు. ఫ్రేములో నక్షత్రాలు పలచగా ఉండి, అన్నీ దాదాపు ఒకే వెలుగులో ఉంటే ఇదే చాలు. అయితే అలాంటి ఫ్రేము దొరకడమే కష్టం.

వెయ్యి పిక్సెళ్లు పొడవు, వెయ్యి పిక్సెళ్లు వెడల్పు ఉన్న ఫ్రేములో 200 నక్షత్రాలున్నాయనుకోండి. అన్నిటికీ 22 పిక్సెళ్ల వలయం వేస్తే, ఒకదాని మీద ఒకటి పడకపోతే, 3 లక్షల పిక్సెళ్లు పోతాయి. ఫ్రేములో 30 శాతం గల్లంతు. అన్నిటికీ 8 వేస్తే 4 శాతమే పోతుంది కానీ పెద్ద నక్షత్రాల రెక్కలన్నీ మిగిలిపోతాయి.

అందుకే వెలుగును బట్టి వలయం. పై ఫ్రేములోనే ఒక్క కౌంటు హద్దుతో లెక్క వేస్తే, శిఖరం 100 కౌంట్లున్న నక్షత్రానికి 8 పిక్సెళ్లు చాలు. 1,000 ఉంటే 14, 10,000 ఉంటే 22. చిప్ సాచురేట్ అయ్యేంత (ఇక పట్టలేనంత నిండిపోయేంత) నక్షత్రం, దాని అసలు శిఖరం లక్ష దాకా వెళ్లేదైతే, 35. ఈ నాలుగు మెట్లతో చాలా ఫ్రేములు గట్టెక్కుతాయి. మెట్లు వద్దు, నునుపుగా మారాలంటే ఒక కొండగుర్తు ఉంది: బాగా వెలిగే నక్షత్రాల్లో వెలుగు ఒక్కో మ్యాగ్నిట్యూడ్ (ఒక్కో మెట్టుకు సుమారు రెండున్నర రెట్లు) పెరిగేకొద్దీ వ్యాసార్థాన్ని సుమారు 20 శాతం పెంచుకుంటూ పోవచ్చు. ఈ 20 శాతం బీటా 2.5 ఉన్న మోఫాట్ నుంచి వచ్చింది. మీ టెలిస్కోపుకు బీటా వేరుగా ఉంటే ఇదీ మారుతుంది. కాబట్టి ఎక్కడా ఆనుకోకుండా విడిగా ఉన్న ఒక మంచి నక్షత్రాన్ని తీసుకుని బీటా ముందే కొలిచి పెట్టుకోండి.

మరీ పెద్ద నక్షత్రాల దగ్గర మోఫాట్ కూడా చేతులెత్తేస్తుంది. చాలా దూరం వెళ్లాక నక్షత్రం వెలుగు దూరపు వర్గానికి విలోమంగా మాత్రమే తగ్గుతుందని 1971లో కింగ్ చూపించారు. ఆ ప్రాంతంలో వెలుగు 100 రెట్లు పెరిగితే వ్యాసార్థం 10 రెట్లు పెరగాలి. అంత పెద్ద గుండ్రటి రంధ్రం చేసుకుంటూ పోతే ఫ్రేములో గెలాక్సీయే మిగలదు. దానికి మందు వలయం కాదు, ఒక బిందువు వెలుగు ఫ్రేములో పరచుకునే ఆకారం, అంటే పీఎస్‌ఎఫ్. ఆ సంగతి కాస్త కిందకు వస్తుంది.

ఇంకొక మాట. ఈ లెక్కలో ఎక్కడా వ్యాసార్థాన్ని పిక్సెళ్లలో గుర్తుపెట్టుకోకండి. ఎఫ్‌డబ్ల్యూహెచ్‌ఎం‌కి ఎన్ని రెట్లు అన్నదే గుర్తుండాలి. సీయింగ్ (వాతావరణం నక్షత్రాన్ని ఎంత ఉబ్బిస్తుందన్నది) రాత్రికో రకంగా ఉంటుంది, ఒక్కోసారి గంటకో రకంగానూ మారుతుంది. ఫ్రేము మూలల్లో నక్షత్రాలు సాగి ఉంటే మధ్యలో కొలిచిన అంకె అక్కడ పనికిరాదు.

సాఫ్ట్‌వేర్ గీసిన మాస్క్

సోర్స్ ఎక్స్‌ట్రాక్టర్ అనే ప్రోగ్రాము ఫ్రేములో వెలిగే వస్తువులను వెతుకుతుంది, 1996 నుంచి వాడుకలో ఉంది. పైథాన్‌లో పనిచేసేవాళ్లకు ఫోటోయుటిల్స్ ఉంది. ఇవి నక్షత్రాన్ని వలయంగా చూడవు. థ్రెషోల్డ్ (వెలుగు హద్దు) దాటిన పిక్సెళ్లను ఒక దీవిలా గుర్తిస్తాయి. ఆ దీవులన్నీ కలిస్తే మాస్క్, అంటే లెక్కలోంచి తప్పించే పిక్సెళ్ల పటం. రెండు నక్షత్రాలు ఆనుకుని ఉన్నా, ట్రాకింగ్ జారి కోడిగుడ్డు ఆకారంలో వచ్చినా, ఆ ఆకారాన్నే పట్టుకుంటాయి. ఇది వలయానికి లేని సుఖం. డిఫ్రాక్షన్ స్పైకులకు, అంటే పెద్ద నక్షత్రాల నుంచి ముళ్లలా పొడుచుకొచ్చే గీతలకు, కూడా ఇదే మేలు. ద్వితీయ అద్దాన్ని పట్టుకునే కడ్డీలు నాలుగుంటే నాలుగు స్పైకులు, మూడుంటే ఆరు స్పైకులు వస్తాయి. వాటిని వలయంతో కప్పాలంటే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.

లోపం థ్రెషోల్డ్ దగ్గరుంది. సోర్స్ ఎక్స్‌ట్రాక్టర్ డిఫాల్ట్ 1.5 సిగ్మా, అంటే నాయిస్‌కి ఒకటిన్నర రెట్లు. మన ఫ్రేములో అది 18 కౌంట్లు. అంటే దీవి 12 పిక్సెళ్ల దగ్గర ఆగిపోతుంది. మనకు కావలసింది 22. మిగతా 10 పిక్సెళ్లు మనమే ఉబ్బించాలి. చిన్న నక్షత్రాల దీవులను కూడా అంతే ఉబ్బిస్తే మళ్లీ ఫ్రేము కరువవుతుంది. అందుకని దీవులను రెండు మూడు గుంపులు చేసి, పెద్ద వాటిని ఎక్కువ, చిన్న వాటిని తక్కువ ఉబ్బించడం మంచిది. మాస్క్‌ను ఉబ్బించకుండా వాడటం మాత్రం అసలు పనికిరాదు.

ఇంకో చిక్కు: దీనికి నక్షత్రానికీ గెలాక్సీ ముద్దకూ తేడా తెలియదు. గెలాక్సీ కేంద్రం కూడా థ్రెషోల్డ్ దాటిన వెలుగే కదా! ఒకసారి నా స్క్రిప్టు ఎంతో శ్రద్ధగా గెలాక్సీ న్యూక్లియస్‌ను నక్షత్రమనుకుని తుడిచేసింది. మొత్తం వెలుగు అర మ్యాగ్నిట్యూడ్ తగ్గింది. రెండు రోజులు ఫ్లాట్ ఫ్రేముల్లో (కెమెరా అంతటా వెలుగును సమానం చేయడానికి తీసేవి) తప్పు వెతుక్కున్నాను.

దీనికి విరుగుడుగా గాయా అంతరిక్ష టెలిస్కోపు కేటలాగ్ నుంచి నక్షత్రాల స్థానాలు తెచ్చుకుని అక్కడే వలయాలు వేయొచ్చు. 2022 జూన్ 13న వచ్చిన మూడో విడత డేటాలో సుమారు 180 కోట్ల బిందువులున్నాయి. స్థానంతో పాటు మ్యాగ్నిట్యూడ్ కూడా వస్తుంది కాబట్టి వెలుగును బట్టి వ్యాసార్థం పెట్టడం చిటికెలో పని. అయితే దగ్గరి గెలాక్సీల విషయంలో గాయాను కళ్లు మూసుకుని నమ్మకండి. ఆ గెలాక్సీలోని నక్షత్ర గుచ్ఛాలు, వెలిగే వాయు మేఘాల ముద్దలు కూడా అందులో బిందువులుగా నమోదయ్యాయి. ఎం33 గెలాక్సీలోని ఎన్‌జీసీ 604 వాయు మేఘం లాంటి చోట్ల మీరు తుడిచేది అడ్డొచ్చిన నక్షత్రాన్ని కాదు, గెలాక్సీ సొంత వెలుగునే. పారలాక్స్ (భూమి తిరుగుడు వల్ల దగ్గరి నక్షత్రం జరిగినట్టు కనిపించడం) గానీ సొంత కదలిక గానీ స్పష్టంగా ఉన్నవాటినే మన పాలపుంతవిగా తీసుకుంటే ఈ బెడద చాలా వరకు పోతుంది.

పీఎస్‌ఎఫ్ తీసివేత

వలయం వేసి రంధ్రం చేయడం బదులు, నక్షత్రం ఆకారాన్ని నేర్చుకుని అంతే వెలుగును తీసివేయడం మరో దారి. 1987లో పీటర్ స్టెట్‌సన్ ప్రచురించిన డావోఫాట్ ప్రోగ్రాము దీనికి పెద్దన్న. కిక్కిరిసిన నక్షత్ర గుచ్ఛాల కోసం పుట్టిన పద్ధతి ఇది. ఒక నక్షత్రం వెలుగు ఇంకోదాని మీద పడే చోట వలయాలు పనిచేయవు కాబట్టి దీని అవసరం వచ్చింది.

రెక్కల విషయంలో దీనికి సాటి లేదు. 22 పిక్సెళ్ల రంధ్రం అక్కర్లేదు, రెక్క కింద ఉన్న గెలాక్సీ వెలుగు మళ్లీ దొరుకుతుంది. కానీ నడిబొడ్డున ఇది ఓడిపోతుంది. కౌంటుకో ఎలక్ట్రాన్ అనుకుని, శిఖరం దగ్గర 10,000 ఎలక్ట్రాన్లుంటే వాటి సొంత నాయిస్ 100. ఆకారం ఎంత కచ్చితంగా తీసివేసినా ఆ 100 అక్కడే ఉంటుంది. ఆకారంలో ఒక శాతం తప్పున్నా మరో 100. పదిలో కొలవాలనుకున్న చోట ఇది ఏ మూలకు? తీసివేసిన ఫ్రేములో నక్షత్రం ఉన్న చోట నల్ల చుక్క చుట్టూ తెల్ల ఉంగరం కనిపించేది ఇందుకే.

కాబట్టి రెండూ కలిపి వాడండి. పీఎస్‌ఎఫ్‌తో రెక్కలు తీసివేసి, నడిబొడ్డు మీద రెండు మూడు ఎఫ్‌డబ్ల్యూహెచ్‌ఎంల వ్యాసార్థంతో చిన్న వలయం వేసి ఆ పిక్సెళ్లను లెక్కలోంచి తప్పించండి. గెలాక్సీ అంచులు కొలిచే పనికి ఇదొక్కటే నాకు పూర్తిగా నచ్చిన దారి. శ్రమ ఎక్కువే. పీఎస్‌ఎఫ్ తయారు చేయడానికి విడిగా, సాచురేట్ కాకుండా, బాగా వెలిగే నక్షత్రాలు కావాలి. రెక్కలు ఎంత దూరం పోతాయో పీఎస్‌ఎఫ్ నమూనా కూడా అంత దూరం పోవాలి. 10 పిక్సెళ్ల దగ్గర కత్తిరించిన పీఎస్‌ఎఫ్ 22 పిక్సెళ్ల రెక్కను తీయలేదు కదా. ఎఫ్‌డబ్ల్యూహెచ్‌ఎం 2 పిక్సెళ్ల కంటే తక్కువుంటే ఆకారం సరిగా అందదు, అప్పుడు మళ్లీ వలయాలకే రావాలి.

చేత్తో తుడవడం

ఐరాఫ్ అనే ఖగోళ సాఫ్ట్‌వేర్‌లోని ఇమెడిట్ టూల్ పాతదే కానీ ఇప్పటికీ పనికొస్తుంది. కర్సర్ నక్షత్రం మీద పెట్టి మీట నొక్కితే చుట్టూ ఉన్న పట్టీ నుంచి నేపథ్యం అంచనా వేసి వలయం నింపుతుంది. ప్లస్, మైనస్ మీటలతో వ్యాసార్థం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పదిలోపు నక్షత్రాలుంటే స్క్రిప్టు రాసే లోపు ఈ పని అయిపోతుంది.

దీని డిఫాల్టులు మాత్రం చూసుకోండి. వ్యాసార్థం 2, ఆపైన వదిలే ఖాళీ 1, నేపథ్యం కొలిచే పట్టీ వెడల్పు 2. కాస్మిక్ రే మచ్చకో, చెడిపోయిన పిక్సెల్‌కో ఇవి సరిపోతాయి. నక్షత్రానికి ఇవే ఉంచితే నేపథ్యం పట్టీ నక్షత్రం ఒంటి మీదే పడుతుంది.

ఈ పట్టీ సంగతి ఏ పద్ధతిలోనైనా కొంప ముంచేదే. మన 10,000 కౌంట్ల నక్షత్రానికి ఎవరైనా 8 నుంచి 12 పిక్సెళ్ల మధ్య పట్టీ పెట్టారనుకోండి. పట్టీ లోపలి గీత దగ్గర రెక్క 108 కౌంట్లు, బయటి గీత దగ్గర 18. మధ్యస్థం (మీడియన్) తీసుకున్నా సుమారు 40 వస్తుంది. దానికి గెలాక్సీ 10 కలిపి రంధ్రంలో 50 నింపుతుంది సాఫ్ట్‌వేర్. చూడటానికి అతుకు కూడా కనపడనంత నునుపుగా ఉంటుంది. పట్టీ ఎప్పుడూ తుడిచే వలయం దాటాకే మొదలవ్వాలి, కొలిచే వలయం దాటాక కాదు.

తోకచుక్క అయితే

తోకచుక్క కదులుతుంది. అది ఇబ్బందీ, వరమూ కూడా.

టెలిస్కోపు తోకచుక్కను వెంటాడితే నక్షత్రాలు గీతలుగా సాగుతాయి. తోకచుక్క నిమిషానికి 2 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) కదులుతోంది, ఎక్స్‌పోజర్ 3 నిమిషాలు, పిక్సెల్‌కి 1.5 ఆర్క్‌సెకన్లు అనుకుంటే గీత 4 పిక్సెళ్లు. గుండ్రటి వలయమే వాడితే గీత పొడవులో సగం, అంటే 2 పిక్సెళ్లు, వ్యాసార్థానికి కలపాలి. గీత పొడవైతే క్యాప్సూల్ ఆకారపు మాస్క్ మేలు.

చాలామంది వేసే ఎత్తు ఇంకోటి ఉంది. 20 ఫ్రేములను తోకచుక్క మీద పేర్చి మధ్యస్థం తీస్తారు. నక్షత్రాలు ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట పడతాయి కాబట్టి మాయమవుతాయని నమ్మకం. చిన్న నక్షత్రాలు నిజంగానే మాయమవుతాయి. పెద్దవి కావు. పై అంకెలతోనే, ఫ్రేములు వెంటవెంటనే తీస్తే, నక్షత్రం ఒక్కో ఫ్రేముకి 4 పిక్సెళ్లు జరుగుతుంది. 22 పిక్సెళ్ల వ్యాసార్థమున్న రెక్క ఒక పిక్సెల్ మీద నుంచి దాటి పోవడానికి 11 ఫ్రేములు పడుతుంది. 20లో 11 ఫ్రేములు చెడితే మధ్యస్థం కూడా చెడినట్టే. 8 పిక్సెళ్ల నక్షత్రమైతే 4 ఫ్రేముల్లోనే ఉంటుంది, దానికి మధ్యస్థం చాలు. కాబట్టి పెద్ద నక్షత్రాలను ప్రతి ఫ్రేములోనూ ముందే మాస్క్ చేసి, ఆ తర్వాతే పేర్చండి.

ధూళి ఉత్పత్తికి కొలతగా వాడే ఏఎఫ్ఆర్హో, 1984లో మైకేల్ ఎహర్న్ బృందం ప్రవేశపెట్టింది, కొలిచే వ్యాసార్థాన్ని కిలోమీటర్లలో చెప్పమంటుంది. తోకచుక్క భూమికి ఒక ఖగోళ ప్రమాణం (భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) దూరంలో ఉంటే ఒక ఆర్క్‌సెకను 725 కిలోమీటర్లు. 10,000 కిలోమీటర్ల వలయం అంటే 13.8 ఆర్క్‌సెకన్లు, మన పిక్సెళ్లలో తొమ్మిది చిల్లర. నక్షత్రాన్ని తుడిచే వలయమే 22. అంటే తుడిచే గుడ్డ పలక కంటే పెద్దది! ఇలాంటప్పుడు ఏ అపర్చర్ సర్దుబాటూ ఆదుకోదు. అరగంట ఆగండి. తోకచుక్క 40 పిక్సెళ్లు పక్కకు జరుగుతుంది. నక్షత్రాన్ని తీసేయడానికి ఇంతకంటే చవకైన పద్ధతి లేదు.

నక్షత్రం కోమా (తోకచుక్క తల చుట్టూ ఉండే మసక మేఘం) మీద పడితే రంధ్రం నింపడంలో మరో మెలిక ఉంది. కోమా వెలుగు కేంద్రం నుంచి దూరానికి విలోమంగా తగ్గుతుంది. అది వాలుగా ఉండే నేల కాదు, వంపు తిరిగిన నేల. కేంద్రం నుంచి నక్షత్రం ఎంత దూరంలో ఉందో అందులో సగం వ్యాసార్థంతో పట్టీ వేస్తే, పట్టీ సగటు నిజం వెలుగు కంటే సుమారు 7 శాతం ఎక్కువ వస్తుంది. వాలు సమతలాన్ని సరిపెట్టి నింపినా ఈ తప్పు పోదు, ఎందుకంటే తప్పు వాలులో లేదు, వంపులో ఉంది. కేంద్రం నుంచి అంతే దూరంలో ఉన్న మిగతా పిక్సెళ్ల మధ్యస్థంతో నింపండి. జెట్లు, తోక ఉన్న దిక్కు వదిలేసి తీసుకుంటే ఇంకా మంచిది.

ఏఐ టూల్స్

స్టార్‌నెట్, స్టార్‌ఎక్స్‌టర్మినేటర్ లాంటివి అపర్చర్ గొడవ లేకుండా ఒక్క క్లిక్కుతో నక్షత్రాలు మాయం చేస్తాయి. నెబ్యులా ఫొటోను అందంగా ప్రాసెస్ చేయాలంటే వాటినే వాడండి, వేరే ఆలోచన అక్కర్లేదు. కొలతకు మాత్రం వద్దు. రంధ్రంలో అవి నింపేది కొలిచిన వెలుగు కాదు, అక్కడ ఉండి ఉంటుందని నెట్‌వర్క్ ఊహించిన వెలుగు. దూరపు చిన్న గెలాక్సీలనూ, వెలిగే ముద్దలనూ అవి నక్షత్రాలతో పాటు మింగేయగలవు. ఏది ఎంత మింగిందో చెప్పే వ్యాసార్థమంటూ ఏదీ మన చేతిలో ఉండదు.

నింపాలా, ఖాళీగా వదలాలా?

ఇది నిజానికి చిన్న ప్రశ్నే. సగటు లేదా మధ్యస్థం తీసే పనైతే నింపకండి, ఆ పిక్సెళ్లను లెక్కలోంచి తప్పిస్తే చాలు. మొత్తం కూడిక కావాలంటే నింపక తప్పదు, లేకపోతే రంధ్రం మేరకు వెలుగు తగ్గుతుంది. దీర్ఘవృత్తాకార గెలాక్సీ అయితే కేంద్రానికి అవతలి వైపున్న పిక్సెళ్లను 180 డిగ్రీలు తిప్పి తెచ్చి నింపడం బాగా పనిచేస్తుంది. సర్పిల గెలాక్సీలో ఫర్వాలేదనిపిస్తుంది. నింపిన చోట నాయిస్ కూడా కలిపే సదుపాయం కొన్ని టూల్స్‌లో ఉంటుంది. అది చూపుకే గానీ కొలతకు ఒరిగేదేమీ లేదు.

రంగు కొలిచేవాళ్లకు ఒక్క జాగ్రత్త. నీలంలో సీయింగ్ ఎరుపులో కంటే కాస్త పెద్దగా ఉంటుంది. ఏ ఫిల్టరుకు ఆ ఫిల్టరు వలయాలు వేసుకుంటే రెండు ఫ్రేముల్లో వేర్వేరు పిక్సెళ్లు మిగులుతాయి, రంగు తేడా అక్కడి నుంచే పుడుతుంది. అన్ని ఫిల్టర్ల మాస్కులనూ కలిపి ఒకే మాస్క్ చేసి అన్నిటికీ అదే వాడండి.

సరిపోయిందో లేదో తెలిసేదెలా

ముందు వ్యాసార్థాలన్నిటినీ 1.25 రెట్లు చేసి గెలాక్సీని మళ్లీ కొలవండి. తర్వాత 1.5 రెట్లు. వెలుగు ఇంకా తగ్గుతూ పోతుంటే రెక్కలు మిగిలున్నట్టు. తగ్గడం ఆగిన చోట మీరూ ఆగండి.

రెండోది చాలామంది చేయరు, నాకు మాత్రం దీని మీదే గురి. నక్షత్రాల జాబితా మొత్తాన్ని 50 పిక్సెళ్లు పక్కకు జరిపి, అసలు నక్షత్రాలేమీ లేని చోట అవే వలయాలు వేసి, అదే పద్ధతిలో నింపండి. పొరపాటున నిజం నక్షత్రాల మీద పడినవి జాబితాలోంచి తీసేయండి. కొలత మారకూడదు. మారితే తప్పు నక్షత్రాలది కాదు, మీరు నింపే పద్ధతిది. పట్టీ ఎక్కడో వంపు మీద పడుతోంది.

ఒక కృత్రిమ నక్షత్రాన్ని ఖాళీ ఆకాశంలో పెట్టి తుడిచి చూడటం కూడా మంచిదే. కానీ దాని రెక్కలను మీరే తయారు చేస్తారు కాబట్టి మీరు ఊహించిన తప్పునే అది పట్టిస్తుంది, ఊహించని దాన్ని పట్టించదు.

ఇవన్నీ చేశాక కూడా లొంగని ఫ్రేములుంటాయి. బాగా సాచురేట్ అయిన నక్షత్రం గెలాక్సీని ఆనుకుని, దాని చుట్టూ లెన్సుల్లోంచి తిరిగొచ్చిన వెలుగు పెద్ద ఉంగరంలా పరచుకుని ఉంటే, వలయంతోనూ పీఎస్‌ఎఫ్‌తోనూ కుస్తీ పట్టకండి. గెలాక్సీలో ఆ నక్షత్రం ఉన్న సగాన్ని పూర్తిగా వదిలేసి, ఇటువైపు సగాన్నే కొలిచి రెట్టింపు చేయండి. సగమే కొలిచామని పక్కన రాసిపెట్టుకోండి.